మూత మీది బొట్టు

విరుదునగర్ నుంచి మొన్న మంగళవారం ఒకాయన వచ్చాడు. మా మరిది నడిపిన పికప్పు బండిని కొన్నది ఆయనే, నూనెగింజల వ్యాపారి. కోవిల్‌పట్టిలో ఎవరిదో పెళ్ళి చూసుకుని తిరిగి పోతూ మా వాకిట్లో ఆగి, వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే డీజిల్ ట్యాంకు మూత.

"తాళం వేసే కొత్త మూత పెట్టించానమ్మా. ఈ మధ్య డీజిలు దొంగతనం ఎక్కువైంది. పాతదాన్ని ఇనప సామాన్లవాడికి వేద్దామంటే మా ఇంట్లో ఒప్పుకోలేదు. చూడండి, దాని మీద కుంకుమ ఉంది. కుంకుమ ఉన్నదాన్ని ఎట్లా పారేస్తాం? మీ వస్తువు మీ దగ్గరే ఉండనీండి" అన్నాడు తమిళంలో.

కాఫీ ఇచ్చి పంపాను. ఆయన వెళ్ళాక మూతను మేజా మీద పెట్టుకుని కూర్చున్నాను. ఈ మూత సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం. అందులో ఒకడు ఇప్పుడు లేడు.

మా మరిది పోయి ఏడు నెలలైంది. మా అబ్బాయిని అడిగితే "ఆరో ఏడో ఉంటుంది" అంటాడు. మా ఇంట్లో అందరికీ కాలం "ఉంటుంది"తోనే గడిచిపోతుంది. తేదీ కావలసింది నాకొక్కదానికే. ఈ "ఉంటుంది"వాళ్ళందరికీ పెద్ద మా మరిది.

మా ఆయన పోయాక మిరపకాయల లెక్కలు నా చేతికి వచ్చాయి. పొలాలు నాగలాపురం పక్కన నల్లరేగడిలో, ఇల్లూ సరుకు కొట్టూ కోవిల్‌పట్టిలో, అమ్మకం విరుదునగర్ మండీలో. ఈ మూడింటినీ కలిపి కుట్టేది మా మరిది బండి. ఎన్ని మూటలు ఎక్కించావయ్యా అని అడిగితే "నిండుగ" అనేవాడు. ఎన్నింటికి బయల్దేరతావు అంటే "వెలుగు వచ్చినాక" అనేవాడు.

"ఏ వెలుగు? ఆరింటి వెలుగా, ఏడింటి వెలుగా?"

"వదినా, నీ లెక్కకు గడియారమే తిరగలేదు, నా బండి ఎట్ల తిరుగుతాది?"

ఏది అడిగినా చివరికి వచ్చే మాట "చూస్తాం". వాన వస్తుందా? చూస్తాం. ఈసారి మిరపకు ధర పలుకుతుందా? చూస్తాం. మా అబ్బాయి చిన్నతనంలో అతన్ని "చూస్తాం చిన్నాయన" అనే పిలిచేవాడు. అతనికి కోపం వచ్చేది కాదు. ఆ పిలుపుకు కూడా "చూస్తాం రా" అనేవాడు.

పొట్టి మనిషి. బండి ఎక్కడానికి ఒక చిన్న ఎగురు ఎగరాల్సి వచ్చేది. దిగగానే బోనెట్టు మీద అరచేయి ఆనించి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు కాసేపు నిలబడేవాడు. భుజం మీద తుండుగుడ్డతో మొదట బండి అద్దం తుడిచేవాడు, తరువాత అదే గుడ్డతో మొహం. "మొహం ముందు తుడుచుకోవయ్యా, అద్దం మురికంతా మొహానికి పూసుకుంటున్నావు" అని నేను ఎన్నోసార్లు చెప్పాను. "నా మొహం చూసేదానికి ఎవరు వస్తారు వదినా? అద్దంలో అయితే నేను దారి చూడాల కద" అనేవాడు.

అతని అసలు వింత అలవాటు ఇంకొకటి. మా ఇళ్ళలో ఆ కాలపు మగవాళ్ళు పెద్దల ఎదుట పెళ్ళాంతో నేరుగా మాట్లాడేవాళ్ళు కాదు. ఏం కావాలన్నా దగ్గడమో, చెంబు కింద పెట్టి చప్పుడు చేయడమో చేసేవాళ్ళు. మా మరిది దగ్గేవాడు కాదు, బండితో మాట్లాడేవాడు. వాకిట్లో నిలబడి బోనెట్టు మీద చెయ్యి వేసి, "ఏమే, ఎండ నిండ ఉండాది, దాహంగా ఉండాదా నీకు?" అని గట్టిగా అడిగేవాడు. లోపలినుంచి నా తోడికోడలు మజ్జిగ చెంబుతో వచ్చేది. "ఏమే, ఈ పొద్దు తయారయ్యేదా, లేదా?" అంటే "ఇదో, అయిపోయె" అని లోపలినుంచి జవాబు. మా అత్తగారు అరుగు మీద కూర్చుని, "బండికి చెవులు ఉండాయో లేదో, నోరు మాత్రం మా చిన్న కోడలి దగ్గర ఉండాది" అని నవ్వేది. అత్తగారు పోయారు, మామగారు పోయారు, చాటు పెట్టుకోవలసిన పెద్దలు ఎవరూ మిగల్లేదు. అయినా అతను పెళ్ళాంతో బండి మీదుగానే మాట్లాడేవాడు. అలవాటైపోయిందో, దాంట్లో వాళ్ళిద్దరికీ ఏదైనా సరదా ఉండేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

వాళ్ళకు పిల్లలు లేరు. మండీకి పోయే ప్రతి లోడుకూ ఆమె వెంట వెళ్ళేది, కిటికీ పక్క సీటులో. ఆమె ఎక్కి కొంగు సర్దుకుని తలుపు వేసుకున్నాక అతను స్టీరింగు మీద తట్టి "పోదామా?" అనేవాడు. "పోదాం" అనేది ఆమె. ఆ తరువాతే తాళం తిప్పేవాడు. ఎంత తొందర పని ఉన్నా ఈ రెండు మాటలూ అయ్యాకే.

ఆయుధపూజ నాడు బండికి అలంకారం ఆమె పని. దీపాలకు, స్టీరింగుకు, చక్రాలకు, జాకీకి, పానాలకు, అన్నిటికీ గంధం పెట్టి దాని మీద కుంకుమ పెట్టేది. చివర డీజిల్ ట్యాంకు మూత. అన్నిటికన్నా పెద్ద బొట్టు దానికే.

"దానికి ఎందుకమ్మా అంత?" అని నేనొకసారి అడిగాను.

"అది కద అక్కా దాని నోరు. నోట్లో పోసేది ఆ దారినే. దానికి పెట్టకపోతే ఎట్ల?"

ఆ బొట్లు వారం రోజులు ఉండేవి, మూత మీది మందపాటిది మాత్రం కొన్ని నెలలు. వాన చినుకులకు, చేతి రాపిడికి చెరిగిపోయేవి. మళ్ళీ ఏడాదికి కొత్తవి. అది మామూలే.

ఒక ఏడు ఆయుధపూజ అయిన మూడో నెలకు ఆమె పోయింది. కడుపులో పుండు అన్నారు. మదురైకి తీసుకుపోయారు, తీసుకొచ్చారు. డాక్టరు ఏం చెప్పాడని అడిగిన ప్రతివాళ్ళకూ మా మరిది "చూస్తాం" అన్నాడు. పోయిన రోజు మాత్రం ఆ మాట అనలేదు. అంత్యక్రియలు అయ్యాక వాకిట్లో బండి దగ్గరికి పోయి బోనెట్టు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఏదో అడుగుతాడని నేను లోపలినుంచి చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఏమీ అనలేదు. ఆ రోజునుంచి అతను బండితో మాట్లాడటం నేను వినలేదు.

ఆమె సీటులో మడిచిన తుండుగుడ్డ ఒకటి పరిచి ఉంచాడు. మండీకి వెంట వచ్చే కూలీలు దాన్ని చూసి నడిమి సీటులోనే ఒదిగి కూర్చునేవాళ్ళు. డీజిల్ పోయించుకునే చోట కూడా అతనే దిగి మూత తీసేవాడు. అంచులు రెండు వేళ్ళతో పట్టుకుని, వేడి గిన్నె మూత తీసినట్టు జాగ్రత్తగా తిప్పేవాడు. మళ్ళీ బిగించేదీ అతనే. ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు.

ఒకరోజు అన్నం తింటూ తనంతట తానే అన్నాడు:

"వదినా, ఈ మధ్య మూడి తీస్తే బండి నిట్టూరుస్తాది."

మూతను అతను మా వైపు మాటలో మూడి అనేవాడు. భార్య పోయినవాడి మాటలు అట్లాగే ఉంటాయనుకుని, "ఇంకొంచెం పులుసు పోసుకో" అన్నాను.

మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, మిరప కోతలు మొదలయ్యాయి. బండికి జబ్బు కూడా అప్పుడే మొదలైంది. కోవిల్‌పట్టిలో బాగానే బయల్దేరేది. కొంత దూరం పోయాక ఇంజను తడబడేది. నడిచే మనిషి మధ్యలో ఒక అడుగు మరిచిపోయినట్టు, టక టక టక అని ఒక దెబ్బ వదిలేసేది. మెకానిక్కుల భాషలో దాన్ని "మిస్సింగ్ కొడుతోంది" అంటారు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. తరువాత నిలిచిపోయేది. రోడ్డు పక్కన అరగంట ఉంచితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడిచేది.

మాకు వాడుకగా బండి చూసే మెకానిక్కు షెడ్డు సాత్తూరు రోడ్డులో ఉంది. అతను అరుప్పుకోట్టై నేతవాళ్ళ ఇంటి మనిషి, ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడతారు. "మరమగ్గం చప్పుట్లో పుట్టి ఇంజను చప్పుట్లోకి వచ్చినా అక్కా, నిశ్శబ్దమంటే నాకు నిద్ర రాదు" అనేవాడు. అతను ఇంజను తిరుగుతుండగానే, నాలుగు సిలిండర్లకూ డీజిలు తీసుకుపోయే సన్నని గొట్టాల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి చూశాడు. ఒక నట్టు వదులు చేస్తే ఆ సిలిండరుకు డీజిలు అందదు. అప్పుడు ఇంజను చప్పుడు మారితే ఆ సిలిండరు అంతవరకు పని చేస్తున్నట్టు. మారకపోతే జబ్బు అక్కడే ఉన్నట్టు. నాలుగింటికీ చప్పుడు మారింది.

"నాలుగూ బాగుండాయి. దీనికి జబ్బే లేదు, సుమ్మా, ఊరికే వేషం వేస్తాది" అన్నాడు.

అయినా వదల్లేదు. నాజిళ్ళు విప్పి పిచికారీ ఎట్లా పడుతుందో చూశాడు. ఫిల్టరు మార్చాడు. వాల్వుల సందు సరిచేశాడు. షెడ్డు ముందు గంటసేపు తిప్పినా ఒక్క దెబ్బ తప్పలేదు. మరునాడు మూటలతో పోతే సాత్తూరు దాటీ దాటగానే నిలిచింది.

నేను నాకు తెలిసిన లెక్క చెప్పాను. బండి లీటరుకు ఎప్పుడూ ఇచ్చే దూరమే ఇస్తోంది, తగ్గలేదు. పొగ కూడా లేదు. ఇంకొక సంగతి, ట్యాంకు నింపిన రోజు తొందరగా ఆగుతోంది, సగం ఉన్న రోజు ఆలస్యంగా.

మెకానిక్కు తల గోక్కున్నాడు. "నిండు కడుపుతో ఎవరికైనా నిద్ర వస్తాది కదక్కా" అని నవ్వాడు. నవ్వి, మళ్ళీ గంభీరంగా, "ఇది షెడ్డులో చిక్కేది కాదు. లోడుతో నేనే వస్తా" అన్నాడు.

అప్పటికే మా అబ్బాయికి ఓపిక పోయింది. మండీలో మధ్యాహ్నం దాటితే ఆ రోజు బేరం దాటినట్టే. వరసగా లోడ్లు ఆలస్యమవుతున్నాయి.

"చిన్నాయనా, ఎండిన మిరపను మళ్ళా రోడ్డులో ఎండబెట్టేదానికా మనం బండి పెట్టుకునేది? ఈ లోడు చేరితే శరి. ఇంకొకసారి దారిలో నిలిస్తే అమ్మేస్తాం. బాడుగ బండ్లు ఎన్ని కావాలంటే అన్ని ఉండాయి."

చూస్తాం అంటాడనుకున్నాను.

"అమ్మొద్దురా" అన్నాడు.

"ఏమిటికి? దాంట్లో ఏముండాది? పంతొమ్మిదేండ్ల ఇనుము."

మా మరిది లేచి తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. మా అబ్బాయి లోపలికి పోయాక నా దగ్గరికి వచ్చి, స్తంభం వైపు చూస్తూ మెల్లగా అన్నాడు: "బండి పోతే అది ఏడ కూర్చుంటాది వదినా?"

నేను లెక్కల పుస్తకం మూసేశాను.

ఆ లోడుకు నేనూ వెళ్ళాను. మండీలో పాత తూకం తేడా ఒకటి నేనే మాట్లాడి తేల్చాల్సి ఉంది. పొద్దున్నే వాకిట్లో బండి దగ్గర నిలబడి, నడిమి సీటులోకి ఎక్కబోయాను. మెకానిక్కు అప్పటికే అందులో కూర్చుని ఉన్నాడు. మా మరిది కిటికీ పక్క సీటు మీది తుండుగుడ్డ తీసి, దులిపి, అద్దం ముందు పెట్టాడు.

"ఆడ కూర్చో వదినా. పరవాలేదు."

కూర్చున్నాను. ఒక మనిషి ఎప్పుడూ కూర్చునే చోట సీటు కొంచెం గుంట పడుతుంది. నేను ఆమెకన్నా లావు. ఆ గుంటలో నేను సరిగ్గా పట్టలేదు. అతను ఏమీ అడక్కుండా తాళం తిప్పాడు.

ఊరు దాటే ముందు డీజిలు నింపించాం. అతనే దిగి మూత తీసి, అతనే బిగించాడు. వెనక మిరప ఘాటుకు మెకానిక్కు తుమ్ముతూనే ఉన్నాడు. తుమ్ముల మధ్య చెవి ఇంజను మీదే పెట్టాడు. సాత్తూరు రాకముందే మొదటి దెబ్బ తప్పింది. నా పాదాలకు తెలిసింది.

"అన్నా, నిలపొద్దు. ఎంత దూరం లాగుతాదో లాగనీ" అన్నాడు మెకానిక్కు.

వైప్పారు వంతెన దాటాం. ఒకటి తప్పి మూడు కొట్టేది, తరువాత ఒకటి తప్పి ఒకటి. మా మరిది గేరు తగ్గించి, ముందుకు వంగి, ఎద్దును అదిలించే మనిషిలా పెదవులు బిగించాడు. విరుదునగర్ ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజను రెండుసార్లు వణికి ఆగిపోయింది. బండి తనంతట తాను దొర్లి ఒక తుమ్మ చెట్టు పక్కన నిలిచింది. మా మరిది రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి కూర్చున్నాడు.

"ముగిసిపోయె" అన్నాడు.

"ఇప్పుడే కదన్నా మొదలు" అని మెకానిక్కు దూకాడు.

బోనెట్టు ఎత్తి, ఫిల్టరు దగ్గర గాలి వదిలే మర వదులు చేసి, చేతి పంపు నొక్కాడు. మామూలుగా అక్కడ డీజిలు నురగతో ఉబికి రావాలి. చుక్క రాలేదు. మళ్ళీ నొక్కాడు. నొక్కిన పంపు పైకి లేవలేదు, లోపలికి పీక్కుపోయినట్టు ఉండిపోయింది.

"అక్కా, ఇంజనుకు ఒక జబ్బూ లేదు. దానికి పాలు అందలేదు, అంతే. ట్యాంకులో డీజిలు ఉండాదా?"

"ఇప్పుడే కద నింపింది!" అన్నాను.

"చూస్తా ఉండండి" అని అతను ట్యాంకు వైపు నడిచాడు. నేను దిగేలోపల మా మరిది పరుగున అతన్ని దాటి పోయి ట్యాంకుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేను తీస్తా. నువ్వు ముట్టొద్దు."

రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని తిప్పాడు. ఈసారి బిగుసుకుని ఉంది. బలంగా తిప్పితే కదిలి, "శ్శ్‌శ్" అంది. పొడుగ్గా, లోపలికి పీల్చినట్టు. ఆ చప్పుడు నేను అప్పుడు మొదటిసారి విన్నాను. అతను చెప్పిన నిట్టూర్పు అదే.

మెకానిక్కు కదలకుండా నిలబడిపోయాడు.

"అన్నా, అది ఎన్నాళ్ళుగా ఇట్ల అంటాది?"

"తై పొంగలి పండగ నుంచి అంటానే ఉండాది. బండికి మనసు బాగాలేదనుకుంటి."

మెకానిక్కు నవ్వలేదు. చెయ్యి చాపాడు. మా మరిది కాసేపు ఆగి మూతను ఇచ్చాడు. మెకానిక్కు దాన్ని తిప్పి, లోపలి వైపు నోటికి ఆనించి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, గాలి పోలేదు. మళ్ళీ ఊదాడు. తరువాత పైకి తిప్పి చూశాడు. నేనూ చూశాను. మూత నడిమిన పావలా అంత గంధం, దాని మీద కుంకుమ. ఆమె పెట్టిందే. దాని మీద పైనుంచి కింది వరకు అద్దంలా మెరిసే వార్నీషు.

"ఇది ఎవరు పూసింది?"

"నేనే. రెండు పూతలు పూసినా" అన్నాడు మా మరిది. "వానకు పోతాది కద. తుడుచుకుపోతాది కద."

మెకానిక్కు మూతను చేతిలో పెట్టుకుని మెల్లగా చెప్పాడు. మూత నడిమిన సూది దూరేంత రంధ్రం ఉంటుంది. లోపలి డీజిలు ఖర్చయ్యేకొద్దీ ఆ దారినే ట్యాంకులోకి గాలి పోవాలి. గాలి పోకపోతే డీజిలు కదలదు. ఇంజను ఎంత లాగినా ట్యాంకు తిరిగి లాక్కుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటే లేదు, అందుకే తొందరగా ఆగింది. సగం ఉంటే కొంత దూరం నెట్టుకొచ్చింది. ఒట్టి గంధం అయితే ఎండి పగిలి దారి ఇచ్చి ఉండేది.

"వార్నీషు పూసి దాని ఊపిరి మూసేస్తివి అన్నా."

అని జేబులోంచి సన్న స్క్రూడ్రైవరు తీసి గంధం మీద ఆనించాడు. మా మరిది అతని మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. మెకానిక్కు నా వైపు చూశాడు.

"నా తోడికోడలు పెట్టిన బొట్టయ్యా అది. పోయిన ఆయుధపూజకు" అన్నాను.

మెకానిక్కు స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాడు. లారీలు పోతున్నాయి, ఒక్కొక్క లారీ గాలికి మా మూటల నుంచి మిరప పొడి లేచి కళ్ళలో పడుతోంది. కళ్ళు తుడుచుకోవడానికి అది ముగ్గురికీ పనికొచ్చింది.

"శరి అన్నా. ఒక పని చేస్తాం. విరుదునగరులో కొత్త మూడి కొని వేసేద్దాం. ఇది ఇంట్లో తీసి పెట్టుకో, దేవుడి దగ్గర. ఎవరు ముట్టేది?"

మా మరిది మూత తీసుకుని తుండుగుడ్డతో అంచులు తుడిచాడు.

"దేవుడికి పెట్టిందా అది? బండికి కద పెట్టింది" అన్నాడు. "బండి నోటికి పెట్టింది. నేను దేవుడి దగ్గర పెట్టినానంటే నన్ను తిడతాది."

"మరి ఏం చేద్దాం అన్నా? రెండూ ఉండవు కద. ఒకటి వదలాల."

అతను మూతను తిరగేశాడు. లోపలి వైపునుంచి ఆ చిన్న రంధ్రం కనిపిస్తూనే ఉంది. బొటనవేలితో దాన్ని తడిమాడు.

"వదినా, పిన్నీసు ఉండాదా?"

నా తాళాల గుత్తికి ఎప్పుడూ ఒకటి వేలాడుతుంది. తీసి ఇచ్చాను. అతను బండికి ఆనుకుని, మూతను గుండెకు దగ్గరగా పట్టుకుని, లోపలినుంచి పిన్నీసు మొన దూర్చాడు. తొందరపడలేదు. ముల్లు తీసేవాళ్ళు ఎంత మెల్లగా తీస్తారో అంత మెల్లగా తిప్పుతూ నెట్టాడు. వార్నీషు చిటుక్కుమంది. ఎర్రటి బొట్టు నడిమిన పిన్నీసు మొన తెల్లగా మెరిసింది. కుంకుమ పెచ్చు ఒకటి ఊడి కింద పడింది.

అతను గబుక్కున వంగి వెదికాడు. రోడ్డు అంచున మా మూటల నుంచి రాలిన మిరప తునకలు ఎర్రగా ఉన్నాయి. ఏది మిరపో ఏది కుంకుమో తెలియలేదు. కాసేపు వేలితో కదిపి, లేచాడు.

మూత లోపలి వైపు నోటికి పెట్టుకుని ఊదాడు. గాలి సన్నగా ఈలలా అవతలికి పోయింది. మెకానిక్కు తల ఊపాడు.

మూత బిగించి, చేతి పంపు కొట్టి, డీజిలు నురగతో వచ్చేదాకా చూసి, మర బిగించి అందరం ఎక్కాం. నేను ఆ కిటికీ పక్కన, ఆ గుంటలో. మా మరిది తాళం మీద చెయ్యి పెట్టి ఆగాడు. తరువాత స్టీరింగు మీద తట్టాడు.

"పోదామా?" అన్నాడు.

ఆ మాటకు జవాబు చెప్పే చోట నేను కూర్చుని ఉన్నాను. చెప్పవచ్చా, కూడదా, నాకు తెలియలేదు. అతను ఎదురుగా రోడ్డు వైపు చూస్తున్నాడు, తాళం తిప్పడం లేదు.

"పోదాం అన్నా, ఇంకేమి? మధ్యాన్నం దాటితే మండీ మూసేస్తాడు" అన్నాడు నడిమినున్న మెకానిక్కు, ఏమీ ఎరగని మనిషి, తుమ్ముతూ.

మా మరిది అతని వైపు తిరిగి చూశాడు. చాలా నెలల తరువాత అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోపలే కళ్ళు నిండాయి. తుండుగుడ్డ అందుకుని ముందు అద్దం తుడిచి, తరువాత మొహం తుడుచుకుని, తాళం తిప్పాడు. విరుదునగర్ దాకా ఒక్క దెబ్బ తప్పలేదు.

సాయంత్రం మా అబ్బాయి వాకిట్లోనే అడిగాడు, ఏమిటి జబ్బని.

"గాలి ఆడలేదు. ఇప్పుడు ఆడతాది" అన్నాడు మా మరిది. అంతకన్నా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మెకానిక్కు కూడా ఎవరికీ చెప్పలేదని తరువాత తెలిసింది. బండి అమ్మే మాట మళ్ళీ రాలేదు.

ఆ తరువాత ప్రతి లోడుకూ ముందు అతను మూత తీసి, పిన్నీసుతో రంధ్రం శుభ్రం చేసి, నోటితో ఊది చూసేవాడు. నా పిన్నీసు నాకు తిరిగి ఇవ్వలేదు. మా కోడలు చూసి "చిన్నమామ బండికి పిల్లంగోవి ఊదుతున్నారు" అని నవ్వేది. అతనూ నవ్వేవాడు. పిన్నీసు తిరిగినప్పుడల్లా బొట్టు నడిమినుంచి కొంచెం కొంచెం రాలేది. మొదట రంధ్రం చుట్టూ సన్నని ఖాళీ, తరువాత కంది గింజంత, తరువాత ఇంకా పెద్దది. రాలేది చూస్తూనే అతను ఊదేవాడు. ఊదకపోతే బండి పోదు. మళ్ళీ వార్నీషు తేలేదు. ఆయుధపూజ నాడు మా కోడలు గంధం గిన్నెతో బండి చుట్టూ తిరిగి ట్యాంకు దగ్గరికి వస్తే, "మూడికి వద్దమ్మా, దానికి ఉండాది" అనేవాడు. ఏటేటా ఉన్నది తగ్గుతూనే వచ్చింది.

ఈ ఏడు మిరప లోడ్లన్నీ అతనే తోలాడు. చివరి లోడు దించి వచ్చిన రాత్రి ఛాతీలో పట్టేసినట్టు ఉందన్నాడు. ఆసుపత్రికి పోదాం లేవయ్యా అంటే, పడుకునే చెయ్యి ఊపి, "తెల్లవారనీ వదినా, చూస్తాం" అన్నాడు. తెల్లవారలేదు.

బండి అమ్మవద్దని చెప్పడానికి ఇంక ఎవరూ లేరు. మా అబ్బాయి అమ్మాడు. నేను లెక్క చూసి సంతకం పెట్టాను. దాంట్లో ఎవరు కూర్చునేవాళ్ళో కొన్నవాడికి నేను చెప్పలేదు. చెబితే కొనేవాడు కాదేమో.

ఇప్పుడు మూత నా ముందు ఉంది. నడిమిన బొట్టు లేదు, ఒట్టి ఇనుము. దాని చుట్టూ అంచున పసుపు పచ్చబడిన వార్నీషు కింద గోరంత గంధం, ఎరుపు జాడ. మా కోడలు గదిలోకి వచ్చి "ఏంటత్తా అది, పారెయ్యమంటారా?" అని అడిగింది. వద్దన్నాను. ఆమె పోయాక మూతను తిరగేసి, లోపలి వైపు నోటి దగ్గర పెట్టుకున్నాను. ఇన్ని నెలలు విరుదునగర్ ఎండలో, దుమ్ములో తిరిగిన బండి. మూసుకుపోయి ఉంటుందనుకున్నాను.

ఊదాను. గాలి సన్నగా, ఏ అడ్డూ లేకుండా అవతలికి పోయింది.

డీజిల్ వాసన. మూత అంచు పట్టుకున్న వేలికి ఏదో గరుకుగా అంటుకుంటే చూశాను. ఎర్రటి నలుసు. మా ఆయన పోయిన రోజునుంచి నేను కుంకుమ ముట్టలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, వేలి మీద అట్లాగే పట్టుకుని, వాకిట్లో బండి నిలిచే ఖాళీ చోటు వైపు చూస్తూ కూర్చున్నాను.